నడిమివలసలో తడిసిన రోడ్డు

విజయనగరం గంటస్తంభం దగ్గర మేడగదిలో డిటెక్టివ్ నరసింగరావు కాఫీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్నాడో లేదో, మెట్ల మీద కంగారు అడుగులు వినిపించాయి. గుమ్మంలో పాతికేళ్ల పల్లెటూరి మనిషి నిలబడింది. చీర కుచ్చెళ్లకు రైలు బొగ్గు మసి. కళ్లు ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయి ఉన్నాయి.

"దొంగల్ని పట్టే బాబు ఎవులండి?" అని అడిగింది.

"నేనేనమ్మా. కూర్చో. దొంగ ఎవరు?"

"మా ఇంటాయన్నే దొంగంటన్నారు బాబూ!" అని ఆమె నేల మీదే కూలబడింది.

గది మూల నుంచి అప్పలసూరి పరుగున వచ్చి మంచినీళ్లు అందించాడు. అప్పలసూరి నరసింగరావు సహాయకుడు. నరసింగరావు తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉందని నమ్మే మనిషి. నీళ్లు తాగాక ఆమె తన పేరు గౌరి అని, భర్త పేరు పైడిరాజు అని, తమది శ్రీముఖలింగం దగ్గర పల్లె అని చెప్పింది.

అసలు సంగతి రెండు రోజుల కిందటిది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఇంకా రెండేళ్లు కాలేదు. మెడ్రాసులో, బొంబాయిలో జరిగే పెద్ద పరుగు మన దగ్గర ఎందుకు జరగకూడదని శ్రీకాకుళం పెద్దలు పంతం పట్టారు. కోటబొమ్మాళి నుంచి శ్రీకాకుళం దాకా ఇరవయ్యారు మైళ్లు. గెలిచినవాడికి వెండి కప్పు, మెడ్రాసు పోటీకి జిల్లా తరఫున వెళ్లే గౌరవం. దారి పొడవునా ఊళ్లవాళ్లు తోరణాలు కట్టి, మజ్జిగ కుండలు దింపి, తమ ఇంట్లో పెళ్లిలాగే జరిపించారు. ఈ కథ చెబుతున్నవాడికి ఆ సంగతి తలుచుకుంటే ఈనాటికీ ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది.

ధాన్యం కావిళ్లు మోసే పైడిరాజు ఉత్తకాళ్లతో అందరికంటే ముందు శ్రీకాకుళం చేరాడు. జనం భుజాలకెత్తుకుని దండ వేశారు. అంతలో కమిటీ వాళ్లు అతని ఛాతీ మీద నంబరు గుడ్డ చూశారు. సగం దారిలో నడిమివలస దగ్గర కమిటీ మనిషి ఆ గుడ్డ మీద ఎర్ర ముద్ర వెయ్యాలి. పైడిరాజు గుడ్డ మీద ముద్ర లేదు. ఇతను నడిమివలస మీదుగా రానేలేదని, ఏదో లారీ ఎక్కి దిగాడని తేల్చి, వేసిన దండ అందరి ముందూ మెడలోంచి తీసేశారు. రెండోవాడిగా వచ్చిన సూర్యారావే గెలిచాడన్నారు.

"రేపు సాయంత్రం కమిటీ కూర్చుని ఆయన్ని దొంగని దండోరా ఏయిస్తారంట," అంది గౌరి. "కప్పు పోతే పోనీండి. రెండు రోజులై ఆయన వొంచిన తల ఎత్తడం లేదు. ముద్ద ముట్టడం లేదు. ఆ తల ఎత్తించండి బాబూ, అంతే సాలు నాకు."

నరసింగరావు కాఫీ సంగతి మరిచిపోయి లేచాడు. "అప్పలసూరీ, ఆమదాలవలస రైలు ఎప్పుడుందో చూడు."

* * *

పైడిరాజు అరుగు మీద మోకాళ్లలో తల దూర్చుకుని కూర్చున్నాడు. ముప్పై దాటని మనిషి, భుజం మీద కావిడి బద్ద ఒరిసి కాచిన కాయ. నరసింగరావు పక్కనే కూర్చుని పరుగు ఎలా సాగిందో చెప్పమన్నాడు.

"ఏటి సెప్పనండి? మొదట్లో బూట్లేసుకున్న సూర్యారావుగారు నా పక్కనే ఉన్నారు. ఎండెక్కకముందే సగం దారి దాటాలని నాను ముందుకెళిపోనాను. ఊరూరా నా పేరడిగి మజ్జిగిచ్చినారు. వంశధార దాటినాక కాళ్లు నాయి కావనిపించినాది. ఎవులో ముసలాయన 'మన పరువు నీ కాళ్లమీదున్నాదిరా' అని అరిసినాడు. ఆ మాటతోనే మిగతా దారి పరిగెట్టినాను."

"నడిమివలసలో ముద్ర ఎందుకు వేయించుకోలేదు?"

"బల్ల ఉన్నాది. బల్ల ఎనకాల మనిషి లేడు."

"అక్కడ ఇంకెవరైనా ఉన్నారా? నిన్ను చూసినవాళ్లు?"

పైడిరాజు నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాడు. రెండు చేతులూ జోడించి కళ్లకద్దుకున్నాడు. ఎన్ని విధాల అడిగినా ఆ పైన ఒక్క మాట రాలేదు.

వీధి మలుపు తిరిగాక అప్పలసూరి గొంతు తగ్గించి, "మనిషి ఏదో దాస్తన్నాడండి," అన్నాడు.

"అవును. కానీ తప్పు దాచేవాడు చేతులు నలుపుకుంటాడు. ఇతను దణ్ణం పెట్టాడు."

* * *

శ్రీకాకుళంలో కమిటీ అధ్యక్షుడు జగన్నాధం గారి బట్టల కొట్టు ముందు ఇంకా జనం మూగి ఉన్నారు. గాజు బీరువాలో వెండి కప్పు, దాని పక్కన పూలదండ వేసి ఒక జత కాన్వాసు బూట్లు. సూర్యారావు పరుగు ముగించిన నిమిషంలోనే వాటిని విప్పించి అలాగే తెచ్చి పెట్టారట. వాటికి రోడ్డు దుమ్ము అంటింది కానీ, దుమ్ము కింద గుడ్డ తెల్లగా మెరుస్తోంది. బీరువా పైన ఒక ఫొటో. నడిమివలసలో జగన్నాధం గారి మేనల్లుడు సోములు, వంగి సూర్యారావు నంబరు గుడ్డ మీద ముద్ర వేస్తున్నాడు. నరసింగరావు భూతద్దంతో ఆ ఫొటోను చాలాసేపు చూశాడు.

"ఏటండి అంతలా చూస్తన్నారు?" అన్నారు జగన్నాధం గారు కాస్త చిరాగ్గా. ఆయన మంచివారే. పరుగు కోసం ఎండలో ఊరూరా తిరిగినవారు. తన కమిటీని ఒక్క మాటంటే మాత్రం ఒప్పుకోరు.

"మీ మేనల్లుడి ఒక చెంప మీద నీడ నల్లగా పడిందండి."

"ఎండకి పడదా మరి?"

"పడుతుంది. ఎండ మాత్రం ఆ చెంప వైపు నుంచే కొడుతోంది."

జగన్నాధం గారికి ఆ మాట అర్థం కాలేదు. అప్పలసూరికీ కాలేదు కానీ, అయినట్టు తల ఊపాడు.

సోములు మీసకట్టు సవరించుకుంటూ వచ్చాడు. తెల్లవారినప్పటి నుంచి బల్ల దగ్గరే ఉన్నానని, అంగుళం కదల్లేదని, మొదట వచ్చింది సూర్యారావేనని ఒక్క గుక్కలో చెప్పేశాడు.

"సూర్యారావు వచ్చేసరికి అక్కడ ఎవరెవరున్నారు?"

"మగోళ్లంతా అమ్మవారి పండగ పన్లమీదున్నారండి. ఆడోళ్లే ఉన్నారు. కాళీ బిందెలు సంకనెట్టుకుని నవ్వుకుంటన్నారు."

"ఖాళీ బిందెలా? చూశావా బాగా?"

"సూడకేటండి! బోర్లా పట్టుకున్నారు."

సూర్యారావు రైల్వే గుమాస్తా, నెమ్మదైన మనిషి. దండ వేయించుకున్న సంతోషం అతని ముఖంలో ఎందుకో పూర్తిగా కనపడలేదు.

"పైడిరాజు మొదట్లోనే దూసుకుపోయాడండి. తరవాత నాకు కనపడలేదు. ఎక్కడో చెట్టు కింద పడిపోయాడనుకున్నాను. నా ముందు ఎవరూ లేరనే చెప్పారు మరి."

"నడిమివలసలో దారి ఎలా ఉంది?"

"బురద బురదగా ఉందండి. బూట్లు పాడవుతాయని పక్కన గట్టు మీంచి వచ్చాను."

"మాఘమాసంలో బురదా?" అన్నాడు నరసింగరావు. సూర్యారావు ఆశ్చర్యంగా చూశాడు. ఆ ప్రశ్న తనకెందుకు తట్టలేదో అతనికే తెలియలేదు.

* * *

నడిమివలసలో అమ్మవారి పండగ సందడి ఇంకా అయిపోలేదు. ఇంటింటి గుమ్మానికీ వేపరొట్టలు. నలుగురు ఆడవాళ్లను అడిగితే నలుగురూ దేముడమ్మను చూపించారు. పండగ నోముల్లో ఆమె మాటే చెల్లుతుంది. వయసు మళ్లినా నడుం వంగని మనిషి.

"పరుగులో ముందొచ్చినోడా? ఎరుగుదుం బాబూ. 'జిల్లా పరువు మోసుకొస్తన్నాడు' అని మీ దండోరావోడే సెప్పినాడు కదా. పరువు మోసేవోడు అమ్మవారి ఘటం మోసేవోడితో సమానం కాదేటి? ఘటం మోసేవోడికి ఏం సేస్తామో అదే సేసినాం. ముందొచ్చినోడి కాళ్లమీద బిందెల్తో పసుపునీళ్లు పోసి మొక్కినాం."

"అతను ఎలా ఉన్నాడు?"

"ముఖమా? సూడం బాబూ!" దేముడమ్మ చెంపలేసుకుంది. "అమ్మోరిని సాగనంపే అనుపు అయ్యేదాకా మోసినోడి ముఖం సూడకూడదు. తల దించుకునే పోస్తాం."

"వెనక వచ్చినవాళ్లకు పోశారా?"

"ఘటం ఒక్కడే మోస్తాడు."

బండి ఎక్కాక అప్పలసూరి నిట్టూర్చాడు. "ముఖం చూడలేదంటే ఏం లాభమండి? ఆ పోసింది సూర్యారావు కాళ్లకే అంటారు కమిటీవాళ్లు."

నరసింగరావు నవ్వాడు. "అననీ. రేపు జగన్నాధం గారి కొట్లో ఒక మంచి చీర కావాలి. కొనడానికి కాదు."

* * *

మర్నాడు సాయంత్రం బట్టల కొట్టు తివాచీ మీద కమిటీ పెద్దలు కూర్చున్నారు. పరుగులో పాల్గొన్నవాళ్లలో పిలిస్తే వచ్చినవాళ్లంతా వచ్చారు. గెలిచినవాడని సూర్యారావు మెడలో మళ్లీ దండ వేశారు. పైడిరాజు గోడ వారగా తల వంచుకుని, పక్కన గౌరి. దేముడమ్మను అప్పుడే లోపలికి తేవద్దని, వీధిలో బండిలోనే కూర్చోబెట్టమని అప్పలసూరికి చెప్పాడు నరసింగరావు.

"పెద్దలారా," అని అతను మొదలుపెట్టాడు, "నడిమివలస ఆడవాళ్లు ఆ రోజు మొట్టమొదట వచ్చినవాడి కాళ్లు పసుపునీళ్లతో తడిపేశారు. ఒక్కడికే. ఇది ఊరంతా ఒప్పుకునే మాట. మరి ఆ మొదటివాడు సూర్యారావే అయితే, ఆ బూట్లు ఏ రంగులో ఉండాలి?"

అందరి కళ్లూ గాజు బీరువా వైపు తిరిగాయి. పసుపు పడిన తెల్లగుడ్డ ఎలా ఉంటుందో బట్టల వ్యాపారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. జగన్నాధం గారు లేచి, బూట్లు బయటికి తీసి, దుమ్ము దులిపి, తిప్పి తిప్పి చూశారు. ఎక్కడా పసుపు చుక్క లేదు.

"సూర్యారావు వచ్చేసరికి దారి బురదగా ఉంది. ఆడవాళ్ల బిందెలు ఖాళీగా బోర్లా ఉన్నాయి. అంటే నీళ్లు అప్పటికే పోసేశారు. సూర్యారావు కంటే ముందు ఒకడు ఆ ఊరు దాటాడు. మిగిలినవాళ్లందరూ సూర్యారావు వెనకే వచ్చారని సోములే చెప్పాడు. ఇక మిగిలింది ఎవరు?"

"మరి సోములు చూడలేదేం?" అన్నారు జగన్నాధం గారు. గొంతులో ముందరి బిగువు లేదు.

నరసింగరావు ఫొటో దింపి ఆయన చేతికిచ్చాడు. "ఎండ తగిలే చెంప నల్లగా ఉండేది ఒక్కందుకేనండి. దానికి గెడ్డం ఉంది. రెండో చెంప నున్నగా ఉంది. మీ మేనల్లుడు సగం గెడ్డంతో ముద్ర వేస్తున్నాడు. మంగలి దగ్గర నుంచి సగంలో లేచి వచ్చాడు."

కొట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. సోములు ముఖం పాలిపోయింది.

"కలెక్టరు గారి కారొస్తాది, ఫొటో తీస్తారన్నారని గెడ్డం గీయించుకోడానికెళ్లాను మావా," అన్నాడు చివరికి. "అంత బేగి ఎవుడొస్తాడనుకున్నాను? జనం అరుపులిని పరిగెత్తుకొచ్చేసరికి సూర్యారావు వస్తన్నాడు. ఆయనే మొదటోడనుకున్నాను. పైడిరాజు ముందే దాటిపోయాడని శ్రీకాకుళం వచ్చినాక తెలిసింది. బల్ల దగ్గర మనిషి లేడంటే మెడ్రాసోళ్లు నవ్వుతారు, మన కమిటీ పరువు పోతాదని..."

"పరువు ఆ బల్ల దగ్గర లేదు నాయనా," అన్నాడు నరసింగరావు. "అప్పటికే బల్ల దాటి పరిగెత్తుకుంటూ వెళ్లిపోయింది."

జగన్నాధం గారు పైడిరాజు వైపు తిరిగారు. "ఇంత జరుగుతుంటే నీ కాళ్లకి పసుపునీళ్లు పోశారని నువ్వెందుకు చెప్పలేదయ్యా?"

పైడిరాజు మళ్లీ చేతులు జోడించాడు.

"అతను చెప్పడండి. అనుపు అయ్యేదాకా ఆ మాట మోసినవాడి నోట రాకూడదు. అది ఈ పల్లెల్లో నియమం. ఒక్క మాటతో కప్పు దక్కుతుందని తెలిసి కూడా అతను నియమం తప్పలేదు. అందుకే అతన్ని ఏమీ అడగను. ఒక మంచి చీర ఇప్పించండి."

ఇద్దరు గుమాస్తాలు ఎర్రంచు చీర ఒకటి విప్పి, పెళ్లిలో అడ్డుతెరలా పట్టుకున్నారు. పరుగువాళ్లంతా కాళ్లకున్నవి విప్పి, చీర వెనక వరసగా నిలబడ్డారు; గౌరి కూడా పైడిరాజు వెనకాల నిలబడింది. ఇవతలికి పాదాలు తప్ప ఏమీ కనపడవు. అప్పుడు అప్పలసూరి దేముడమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు.

దేముడమ్మ తల దించుకుని వరస వెంట నెమ్మదిగా నడిచింది. సూర్యారావు పాదాల దగ్గర ఆగలేదు. ఇంకో జత దాటింది, ఇంకో జత దాటింది. పగిలిన మడమలు, పక్కకు తిరిగిన బొటనవేలు ఉన్న ఒక జత దగ్గర ఆగి, కొంగు నడుముకు చుట్టుకుని మోకాళ్ల మీద కూర్చుంది.

"ముఖం నానెరగను బాబూ. ఈ కాళ్లెరుగుదును. ఈ వంకర బొటనేలు నా సేత్తోనే తుడిసినాను." ఆమె ఆ పాదాల మీద చెయ్యి వేసి కళ్లకద్దుకుంది.

ఒక గుమాస్తా చీర దించబోయాడు.

"వొద్దొద్దు!" అని దేముడమ్మ కేకేసింది. "అనుపు ఇంకా అవలేదు. ముఖం సూడకూడదు!"

చీర మళ్లీ పైకి లేచింది. అవతల సూర్యారావు తనకు వేసిన దండ తీసి ఎవరి మెడలో వేశాడో ఇవతలివాళ్లకు కనపడలేదు, కానీ, "నా ముందు ఒకడున్నాడని ఆ బురదలోనే తెలుసుకోవలసింది అన్నా, క్షమించు," అన్న మాట అందరికీ వినిపించింది. జగన్నాధం గారు వెండి కప్పు రెండు చేతులతో ఎత్తి చీర అంచు మీదుగా అందించారు. అందుకున్న చేతులు కావిడి మోసి కాయలు కాసిన చేతులు. అప్పలసూరి కళ్లు తుడుచుకుంటూ, తుడుచుకోవడం లేదన్నట్టు బీరువా వైపు తిరిగాడు.

నరసింగరావు చీర దగ్గరగా వెళ్లాడు.

"అమ్మా గౌరీ, మాకెవరికీ కనపడదు, నువ్వే చెప్పాలి. మీ ఆయన తల ఎత్తాడా?"

చీర వెనక నుంచి ఏడుపూ నవ్వూ కలిసిన గొంతు వచ్చింది.

"ఎత్తినాడు బాబూ! ఎత్తినాడు!"