ఉంటా మరి

"ఏయ్! ఎవరు నువ్వు? మా నాయన చేతిల సుత్తి ఎందుకు గుంజుకుంటున్నవ్?"

నిచ్చెన మీదున్న జగదీశ్ ఉలిక్కిపడి కిందికి చూశాడు. వానకు చున్నీ నెత్తిన కప్పుకొని, చేతిలో బియ్యం తేమ కొలిచే మీటరుతో ఒకమ్మాయి నిలబడి ఉంది. కళ్లలో మాత్రం తేమ లేదు, నిప్పులే ఉన్నాయి.

"గుంజుకోలేదండీ. కాసేపు ఆపమన్నాను. ఎంత చెప్పినా ఆయన వినిపించుకోవట్లేదు."

"ఇనిపించుకోక కాదు, ఆయనకు ఇనపడది. ఇరవై రెండేండ్ల సంది ఈ రేకు కొట్టుడే పని. చెవులు ఎట్లుంటయ్ మరి?"

మిర్యాలగూడలోని ఆ రైస్ మిల్లులో తవుడు నిలవచేసే పెద్ద రేకు హాపర్ ఒకటుంది. వానాకాలం వచ్చిందంటే తవుడు చెమ్మగిల్లి లోపలి గోడలను పట్టుకుంటుంది. కింద గేటు తెరిచినా ఒక్క చారెడు రాలదు. అప్పుడు ఆ అమ్మాయి తండ్రి సోమయ్య నిచ్చెనెక్కి సుత్తితో దబదబా బాదాలి. ఆ హాపర్ ఒంటి నిండా సొట్టలే, పాపం.

జగదీశ్‌ది కోదాడ. హాపర్లకు వైబ్రేటర్లు బిగించే కంపెనీలో మెకానిక్. రేకుకు చిన్న మోటారు బిగిస్తారు. అది తిరిగితే రేకు సన్నగా వణికి, తవుడు దానంతటదే జారుతుంది.

"అంటే ఇగ సుత్తి పని ఖతమన్నట్టు," అంది అమ్మాయి.

"ఖతమేనండీ."

"మరి మా నాయన పని?"

జగదీశ్ దగ్గర స్పానర్లు పద్నాలుగు సైజులవి ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే తీసి తుడవడం మొదలుపెట్టాడు.

అమ్మాయి పేరు దీవెన. అదే మిల్లులో బియ్యం నాణ్యత చూసే ఉద్యోగం. సాయంత్రానికి వైబ్రేటర్ బిగించి, అందరికీ వినబడేలా జగదీశ్ ఒకటికి పదిసార్లు చెప్పాడు. "ముందు గేటు తెరవాలి. ఆ తర్వాతే స్విచ్. గేటు మూసి ఆన్ చేస్తే లోపలున్నది ఇంకా గట్టిపడిపోతుంది. డబ్బాలో పప్పు పోసి నేలకేసి తడితే అణిగిపోదూ, అలాగన్నమాట."

తెల్లారేసరికి తవుడు ఇటుకలా బిగుసుకుపోయి ఉంది. గేటు మూసే ఉంది, స్విచ్ వేసే ఉంది. మేనేజర్ సుధాకర్ మిల్లు ఎగిరిపోయేలా అరిచాడు.

జగదీశ్ దీవెన వైపు చూశాడు. దీవెన తేమ మీటరు వైపు చూసింది. ఆ మీటరులో అంతగా చూడ్డానికి ఏముందో ఆమెకే తెలియాలి.

"తప్పు నాదే సార్," అన్నాడు జగదీశ్. "దీని దగ్గర ఒక మనిషి ఉండాలని చెప్పలేదు. రేకు మీద చెయ్యి పెట్టి తవుడు ఎక్కడ పట్టిందో చెప్పగలిగే మనిషి. అలాంటి మనిషి ఈ మిల్లులో సోమయ్యగారొక్కరే."

సోమయ్య పని పోకుండా నిలబడింది. ఆ మధ్యాహ్నం టీ బండి దగ్గర దీవెన గొంతు కొంచెం దిగింది.

"స్విచ్ నేనే ఏసిన."

"తెలుసండీ. వేసి, చెవులు మూసుకుని పరిగెత్తడం కూడా చూశాను."

"మరెందుకు చెప్పలే?"

"చెప్తే మీరిలా నాతో టీ తాగుతారా?"

దీవెన నవ్వు ఆపుకోవాలని చూసింది. టీ ముక్కుల్లోకి పోయింది.

వైబ్రేటర్‌కు మూడు నెలలకోసారి సర్వీసింగ్ చేస్తే చాలు. జగదీశ్ మాత్రం వారం వారం వచ్చేవాడు. బోల్టు వదులైందనేవాడు. పోయిన వారం దాన్ని వదులు చేసి పోయింది ఎవరో సోమయ్యకు తెలుసు. తెలిసినా ఏమీ అనేవాడు కాదు, నవ్వి నిచ్చెన పట్టుకునేవాడు.

"బాబాయ్, స్పానర్ అందుకో!" అని ఒకనాడు పైనుంచి అరిచాడు జగదీశ్.

"ఆగాగు," అంది దీవెన. "మా నాయన నీకు బాబాయ్ అయితే నేనేమైత?"

జగదీశ్ నిచ్చెన మీదే నిలబడి లెక్క వేసుకున్నాడు. లెక్క తేలగానే చెవులు ఎర్రబడ్డాయి. "మామయ్యా! స్పానర్!"

సోమయ్యకు బాబాయీ వినబడలేదు, మామయ్యా వినబడలేదు. వినాల్సిన మనిషి విన్నది. చున్నీ కొస నోటికి అడ్డం పెట్టుకుని శాంపిల్ రూమ్‌లోకి పారిపోయింది. ఆ ఇద్దరి మధ్య ప్రేమ గురించి అంతకన్నా పెద్ద మాట ఎవరూ అనలేదు. అవసరం పడలేదు.

చలికాలంలో ఒక శనివారం మధ్యాహ్నం దీవెన ఫోన్ చేసింది. అప్పుడు జగదీశ్ వాడపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఉన్నాడు. టన్ను పట్టే సంచిని ఊగే బల్ల మీద నిలబెట్టి సిమెంటు నింపుతున్నారు. బల్ల ఊగుతుంటే నేల, గోడలు, జగదీశ్ పళ్లు కూడా ఊగుతున్నాయి. ఫోన్‌లో దీవెన గొంతని తెలిసింది, ఒక్క మాటా తెలియలేదు.

"దీవెనా, ఏం వినబడట్లేదు! మిషన్ దగ్గరున్నా! తర్వాత చేస్తా! సరే, ఉంటా మరి!" అని అరిచి పెట్టేశాడు.

ఫోన్ పెట్టేముందు మనలో ఆ మాట అననివాళ్లు ఎవరు?

ఆ తర్వాత చేస్తానన్న ఫోనే అతను చేయలేదు. అతని తప్పేదైనా ఉంటే అదొక్కటే. గంటలో ఆఫీసు నుంచి ఆర్డరు వచ్చింది: గుజరాత్‌లో ఒక పోర్టుకు వెళ్లాలి, కంటైనర్లలో బియ్యం సర్దుకునేలా కుదిపే బల్లలు బిగించాలి, రైలు ఆ సాయంత్రమే. కోదాడకు పరిగెత్తి బట్టలు సర్దుకున్నాడు. జనరల్ బోగీలో ఫోన్ చార్జింగ్ అయిపోయింది. దిగాక తీరిగ్గా మాట్లాడదాంలే అనుకున్నాడు. సోమవారం చేస్తే నంబరు బ్లాక్ అయి ఉంది.

చెప్పకుండా వచ్చానని అలిగిందనుకున్నాడు. దీవెన అలకలు అతనికి కొత్త కాదు. ఆమెకు అద్దాలు కుట్టిన చేతిసంచి ఒకటి కొని, నలభై రోజుల తర్వాత నేరుగా మిల్లుకే వచ్చాడు.

దీవెన శాంపిల్ రూమ్‌లో సామాను సర్దుకుంటోంది. అతన్ని చూసి చేతులాగిపోయాయి.

"ఎందుకొచ్చినవ్?"

"అదేంటి, అలక ఇంకా..."

"అలకా?" దీవెన చేతిలోని డబ్బా బల్ల మీద పడేసింది. "ఆ ఆదివారం మా అమ్మ కోడిని కోసి వండింది. మా నాయన తెల్లంగి ఏసుకున్నడు. పాస్టరయ్యను, సంఘం పెద్దలను పిలుచుకొచ్చిండు, నిన్ను అందరి ముంగట అడుగుతనని. ఒంటిగంటకెళ్లి పొద్దూకిందాంక నీకోసం వాకిట్లనే కూసున్నడు. పెద్దలు ఒక్కొక్కలే లేసిపోయిండ్రు. పన్నెండుసార్లు ఫోన్ చేసిన. స్విచాఫ్!"

"నన్ను... రమ్మన్నారా? నాకెవరు చెప్పారు?"

"నేను చెప్పలే? శనివారం ఫోన్ చేసి, రేపు గుడి ఇడిసినంక మా ఇంటికాడ ఉంటవా అనడగలే? సరే, ఉంటా మరి అనలే నువ్వు? గడబిడల ఇంకేం ఇనపడలేగని, ఆ మాటొక్కటి మంచిగ ఇనపడ్డది నాకు!"

జగదీశ్‌కు కాళ్ల కింద మళ్లీ ఆ బల్ల ఊగినట్టయింది.

"దీవెనా, అది... ఫోన్ పెట్టేస్తున్నానని అన్న మాట."

ముందు నవ్వొచ్చింది దీవెనకు, ఒక్కసారిగా, ఫక్కున. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. బియ్యం శాంపిళ్ల మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. ఏం చేయాలో తెలియక జగదీశ్ పక్కన నిలబడ్డాడు. అతనికీ కన్నీళ్లు ఆగలేదు.

"హాపర్ కొట్టెటోని బిడ్డ అని ఎనక్కి తగ్గిండన్నరు అందరు," అంది తలెత్తి. "నేను గూడ అట్లనే అనుకున్న. కోపంల సూర్యాపేట సంబంధానికి ఒప్పుకున్న. రవీందర్ అని, ల్యాబ్ టెక్నీషియన్. ప్రధానం అయిపోయింది. ఎవరికన్న అభ్యంతరముందా అని గుడిల మూడు ఆదివారాలు ప్రకటన సదువుతరు, రెండు అయిపోయినయ్."

"మూడోది ఉందిగా! నేనొచ్చి మీ నాన్నకి చెప్తాను. జరిగింది జరిగినట్టు చెప్తాను."

"వద్దు."

"ఎందుకొద్దు? నేనంటే ఇష్టం లేదా?"

"ఇష్టం లేకుంటే గిట్ల ఏడుస్తనా?" కళ్లు తుడుచుకుంది. "మా నాయన సంఘం ముంగట ఒకసారి తల దించుకున్నడు. మళ్ల నా చేతులతోని నేను దించలేను. రవీందర్ మంచోడు, ఆయన చేసిన తప్పేంది? పెండ్లిపత్రికలు ఊరంత పంచినం. ఒట్టెయ్, అడ్డం మాట్లాడనని."

జగదీశ్ చెయ్యి చాపలేదు. దీవెనే అతని చెయ్యి తీసుకుని తన నెత్తి మీద పెట్టుకుంది. ఆమె జుట్టును అతను తాకడం అదే మొదలు. అద్దాల సంచి ఇవ్వాలన్న సంగతి కోదాడ బస్సెక్కాక గుర్తొచ్చింది.

మాట్లాడనని ఒట్టేశాడు గానీ, రానని వేయలేదు కదా. మూడో ఆదివారం జగదీశ్ గుడికి వెళ్లి మగవాళ్ల వైపు చివరి చాప మీద కూర్చున్నాడు. ఒక్కసారి చూసి వెళ్లిపోదామని. ఆడవాళ్ల వైపు తల్లి ఏసమ్మ పక్కన దీవెన తల వంచుకుని ఉంది.

ప్రార్థన అయ్యాక పాస్టర్ కాగితం తీశాడు. ఇద్దరి పేర్లు, తల్లిదండ్రుల పేర్లు, ఊర్లు చదివాడు. "వీరి వివాహమునకు ఎవరికైనా అభ్యంతరమున్న యెడల ఇప్పుడే తెలియజేయవలెను. ఇది మూడవ పర్యాయము."

జగదీశ్ పళ్లు బిగించి చాప పుల్లలు గిల్లుతున్నాడు.

ముందు వరసలో సోమయ్య వెనక్కి తిరిగాడు. పాస్టరయ్య ఏం చెప్పాడో ఆయన ఎప్పుడూ జనం ముఖాలు చూసే తెలుసుకుంటాడు. ఒక్కో ముఖం చూస్తూ వచ్చి చివరి చాప దగ్గర ఆగాడు. ఆయన ముఖం వెలిగిపోయింది. అందరూ కూర్చునే ఉండగా లేచి, చాపల మధ్య నుంచి నడుచుకుంటూ వెనక్కి వచ్చాడు.

"ఎన్నడొచ్చినవ్ పిల్లగా?" చెవుడున్న మనిషి కదా, గుడి దద్దరిల్లింది. "ఆ ఆదివారం నీకోసం సూసినమయ్యా. పొద్దూకిందాంక సూసినం. పని తగిలి ఉంటదిలే, మంచి పిల్లగాడని పెద్దలకు చెప్పిన. ఎందుకు రాలే?"

అన్ని తలలూ ఇటు తిరిగాయి. పాస్టర్ చేతిలో కాగితం ఇంకా మడవలేదు. ఒక్క మాట చాలు, ఇంకా ఆలస్యం కాలేదు. జగదీశ్ ఆడవాళ్ల వైపు చూశాడు. దీవెన కన్నీళ్లతో అతన్నే చూస్తూ వద్దని తల ఆడించింది.

సోమయ్య జవాబు కోసం అతని పెదాలనే చూస్తున్నాడు.

జగదీశ్ మోకాళ్ల మీద లేచి ఆయన చెవి దగ్గర నోరు పెట్టాడు. అబద్ధం చెప్పలేడు, నిజం మొత్తం చెప్పలేడు. ఆయనకు వినబడాలంటే అరవక తప్పదు.

"నాకు వినపడలేదు!"

సోమయ్య నవ్వు ఆరిపోయింది. ఆ గరుకు చేతులతో జగదీశ్ ముఖాన్ని పట్టుకుని, ఈ పక్కకీ ఆ పక్కకీ తిప్పి చెవులు చూశాడు.

"నీకు గూడానా, బిడ్డా?" అన్నాడు. ఆయన కళ్లు నిండాయి. "ఇంత చిన్న వయసులనా?"

పాస్టర్ కాగితం మడిచి, పాట ఎత్తుకోమన్నాడు. ఆడవాళ్ల వైపు నుంచి ఒక వెక్కిలి గట్టిగా వినబడింది. పుట్టింటిని వదిలిపోయే పిల్ల కదా, దుఃఖం రాదా అనుకున్నారు అందరూ. సోమయ్యకు పాటా వినబడలేదు, ఏడుపూ వినబడలేదు. పాట అయిపోయేదాకా చివరి చాప మీద జగదీశ్ పక్కనే కూర్చుని, అతని చెవిని అరచేత్తో కప్పి పట్టుకున్నాడు.