ఎడమవైపు తలుపు

గీతల మాస్టారు షెడ్డులో వెల్లకిలా పడి ఉన్నాడు. ప్రాణం పోయి గంట దాటింది. పక్కనే, ఆరేళ్లుగా ఆయన కట్టుకుంటూ వచ్చిన కారు ముక్కలై ఉంది.

నిజానికి అది ఇంకా కారు కాదు. ఎప్పటిదో ఒక పాత రేసు కారంటే ఆయనకు పిచ్చి. దానికి అచ్చంగా నకలు ఇంట్లోనే తయారుచేయాలని ఆ రిటైర్డ్ డ్రాయింగు మాస్టారి పంతం. రేకు కొట్టే ముందు అసలు సైజులో ప్లైవుడ్ అచ్చు కట్టుకోవాలి. ఆ అచ్చునే ఎవరో సుత్తితో చితక్కొట్టారు.

ఇన్‌స్పెక్టర్ వంగి చూసింది. ఆయన కణత మీద దెబ్బ. బల్ల అంచుకు రక్తం. చొక్కా నిండా చెక్క పేళ్లు.

"వెల్డరే మేడమ్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. "నాలుగింటికి ఇద్దరూ అరుచుకోవడం వీధంతా విన్నది. నిప్పు లేనిదే పొగ రాదు కదా."

"వెల్డర్ దగ్గర పొగ లేనిదెప్పుడయ్యా? తీసుకురా, అడుగుదాం."

వెల్డర్ మాస్టారి స్నేహితుడు. స్టేషన్‌లో బెంచీ మీద ముడుచుకుని కూర్చున్నాడు.

"గొడవ దేనికి?"

"తలుపుకండీ."

"ఏ తలుపు?"

"కారు తలుపు. అసలు కారుకి తలుపులే లేవు. పక్కన చెయ్యేసి లోపలికి దూకాలి. ఒక్క రివెట్టు పక్కకి జరిగితే నిద్రపోని మనిషి, ఎడమవైపు తలుపు పెట్టాడు! పరువు తీస్తావా అన్నా అని మొత్తుకున్నాను. వింటేనా? పట్టిన కుందేటికి మూడే కాళ్లు."

"ఎందుకు పెట్టాడు?"

"అడిగితే, 'పెళ్లి కానోడివి, నీకేం తెలుసురా' అన్నాడు."

"కోపమొచ్చి విరగ్గొట్టావా?"

"నేనా?" వాడు బెంచీ మీంచి లేచాడు. "అందులో సగం చెక్క నేను కోసిందేనండీ. నాలుగున్నరకి వెళ్లిపోయాను. అన్న బాగానే ఉన్నాడు."

సాక్షి ఎవరూ లేరు. లాకప్‌లో పెట్టక తప్పలేదు.

మర్నాడు పొద్దున్నే డాక్టర్ ఫోన్ చేశాడు. గుండె ఆగి పోయాడట. దెబ్బ పడిపోయినప్పుడు తగిలిందే.

"కళ్ల ముందే అచ్చు విరగ్గొడితే ఆగదా మేడమ్ గుండె? వాడే చంపినట్టు," అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

ఆమె ఒంటరిగా షెడ్డుకు వెళ్లి, అచ్చు చుట్టూ తిరిగింది. టేపు తీసి ఏవేవో కొలిచింది. తర్వాత వెల్డర్‌నూ, మాస్టారి భార్యనూ అక్కడికే రప్పించింది.

మాస్టారి భార్యకు కుడి మోకాలు వంగదు. చేతికర్ర ఊతంతో వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"చొక్కా నిండా పేళ్లున్నాయి. ఒంటి కింద ఒక్కటి లేదు," అంది ఇన్‌స్పెక్టర్. "అంటే ఆయన పడిపోయాకే అచ్చు విరిగింది. ముఖం మీదా, జుట్టులోనూ కూడా ఒక్క పేడు లేదు. ఎవరో శుభ్రంగా తుడిచారు. పగతో వచ్చినవాడు ముఖం తుడుస్తాడా?"

విరిగిన చెక్క ఒకటి తాకి చూపించింది.

"చెక్కలన్నీ బయటికి విరిగాయి. లోపల నిలబడి కొట్టారు. వెల్డరైతే పక్క మీంచి దూకేవాడు. ఈ తలుపు ఇంకా తెరిచే ఉంది. కొట్టిన మనిషి ఇందులోంచే ఎక్కారు."

మాస్టారి భార్య తల వంచుకుంది.

"టీ పట్టుకొచ్చాను. పిలిస్తే పలకలేదు. ఒళ్లు చల్లబడిపోయింది. ఆరేళ్లు నా మొగుణ్ని ఇంట్లోకి రానివ్వలేదమ్మా ఈ సవతి. చివరికి మింగేసింది. దీని కడుపులో దూరి చీల్చేయాలనిపించింది." వెల్డర్ వైపు తిరిగింది. "నిన్ను పట్టుకెళ్తుంటే నోరు పెగల్లేదు నాయనా."

"ఊరుకో వదినా," అన్నాడు వాడు.

అక్కడితో ముగించేయవచ్చు. ఇన్‌స్పెక్టర్‌కూ ముగించేయాలనే ఉంది. కానీ ఈ మాట దాచి బతకడం కన్నా చెప్పి బాధపెట్టడమే నయమనిపించింది.

"ఎక్కుతుంటే మోకాలు నొప్పి పుట్టిందా అమ్మగారూ?"

ఆమె మోకాలు తడిమి చూసుకుంది. "లేదు."

"మీ వీధి గుమ్మం ముందు చిన్న మెట్టుంది. ఎవరు వేశారు?"

"ఆయనే. నా కాలు దెబ్బతిన్నాక."

"ఈ తలుపు కింద మెట్టూ అంతే ఎత్తు. ఇందాక కొలిచాను. ఎడమవైపు సీటు డ్రైవర్‌ది కాదు. పక్కన కూర్చునేవాళ్లది."

వెల్డర్ నేల మీద కూలబడ్డాడు. "పరువు తీస్తావా అన్నాను," అని ఏడ్చాడు. "రోజూ అన్నాను."

"నాకు చెప్పొచ్చు కదా," అంది మాస్టారి భార్య.  మళ్లీ తనే జవాబు చెప్పుకుంది. "కారు మాటెత్తితే లేచి వెళ్లిపోయేదాన్ని. ఎప్పుడు చెప్తాడు?"

ఇన్‌స్పెక్టర్ టోపీ పెట్టుకుంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇంత దిగులుగా ఏ కేసూ తేల్చలేదు.

"నా మీద ఏం కేసు పెడతారు?"

"ఏమీ లేదమ్మా. మీ ఇంటి చెక్క, మీ ఇంటి సుత్తి."

మాస్టారి భార్య ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అలా వదిలేసి వెళ్లకు తల్లీ. ఏదో ఒకటి పెట్టు. నీకు పుణ్యముంటుంది."