సుకన్య నలభై ఒక్క గంటలు

నల్ల హెల్మెట్ మళ్లీ కనిపిస్తోంది.

ముప్పై అడుగుల వెనక... కాదు, ఇరవై.

ప్రమోద్ పరుగెత్తుతున్నాడు.

సాయంత్రం నాలుగున్నర. మైత్రీవనం ముందు ఫుట్‌పాత్ మీద అడుగు పెట్టే చోటు లేదు. కోచింగ్ నుంచి బయటికొచ్చే వాళ్లు, లోపలికి పోయే వాళ్లు. ఎవరో చేతిలో కరపత్రం కుక్కుతున్నారు. "డెమో ఫ్రీ సార్..."

తోసుకుని వెళ్తున్నాడు. జేబులో పెన్‌డ్రైవ్. పిడికిలి దాని మీదే.

అరగంట క్రితం మేనేజర్ కృష్ణమోహన్ వచ్చి మెల్లగా చెప్పాడు. "సుకన్య స్క్రీన్‌షాట్లన్నీ డిలీట్ చేసేయండి ప్రమోద్ గారూ. బ్యాకప్‌లో కూడా ఉండకూడదు."

ప్రమోద్ డిలీట్ చేయలేదు. కాపీ చేసుకుని మెట్లు దిగాడు. గేటు దగ్గర బైక్ మీద ఈ హెల్మెట్ మనిషి... చూడగానే బైక్ దిగాడు.

కృష్ణమోహన్ పంపిన మనిషే. ఇంకెవరు?

ఎడమకు తిరిగి మెట్లెక్కాడు. రెండో అంతస్తు. తెరిచి ఉన్న తలుపు. లోపల క్లాసు జరుగుతోంది. డెబ్బై మంది. వెనక బెంచీలో చోటుంది. తల వంచుకుని కూలబడ్డాడు.

ఊపిరి అందడం లేదు.

అతని ఉద్యోగం చిన్నది. ఉద్యోగుల టైమ్ లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్ చూసుకోవడం. ఎవరు ఏ యాప్, ఏ వెబ్‌సైట్ ఎంతసేపు వాడారో అది రాసుకుంటుంది. పది నిమిషాలకోసారి స్క్రీన్ ఫొటో తీస్తుంది. ఏది ప్రొడక్టివ్, ఏది అన్‌ప్రొడక్టివ్ అని పేరు పెట్టేది మాత్రం ప్రమోద్. ఎక్సెల్ పచ్చ. సినిమా సైట్ ఎరుపు. మూడేళ్లుగా అదే పని.

సుకన్య మందుల ఫిర్యాదుల డెస్క్‌లో చేసేది. ఆసుపత్రులు పంపే ఫిర్యాదులు చదివి ఎంటర్ చేయాలి. ఒక ఇంజెక్షన్ మీద పదకొండు ఫిర్యాదులు ఆమె కంటపడ్డాయి. పదకొండూ ఒకే బ్యాచ్. మందుల హెచ్చరికలు పెట్టే సర్కారు సైట్ తెరిచి రోజుల తరబడి వెతికింది. పైవాళ్లకు మెయిల్ పెట్టింది.

ఆ మందు తయారుచేసే కంపెనీ ఆఫీసుకు పెద్ద క్లయింట్.

"ఆ సైట్‌ని అన్‌ప్రొడక్టివ్‌లో వేసేయండి" అన్నాడు కృష్ణమోహన్. "రెండు నెలల వెనక నుంచి వర్తించాలి."

ఒక క్లిక్. సేవ్.

నలభై ఒక్క గంటలు పచ్చలోంచి ఎరుపులోకి పోయాయి.

మూడో రోజు సుకన్యను తీసేశారు. ఆఫీసు టైమ్ వృథా చేసిందని. టిఫిన్ బాక్స్ సంచిలో పెట్టుకుంటూ ఆమె ప్రమోద్ వైపు చూసింది. ప్రమోద్ కీబోర్డ్ వైపు చూశాడు.

నిన్న పన్నెండో ఫిర్యాదు వచ్చింది.

ఆ రోగి బతకలేదు.

బెంచీ కిర్రుమంది. పక్కన ఎవరో కూర్చున్నారు.

ఒళ్లో నల్ల హెల్మెట్.

"ప్రమోద్ అంటే నువ్వేనా?"

ప్రమోద్ లేవబోయాడు. ఆ మనిషి చెయ్యి అప్పటికే అతని మణికట్టు మీద ఉంది.

"లొల్లి చెయ్యకు. నేను విజయేందర్. సుకన్య తమ్ముణ్ని."

కృష్ణమోహన్ మనిషి కాదు...

"పొద్దుగాల మా అక్కను ఠాణాకు పిలిచిన్రు. పేషెంట్ల డేటా దొంగతనం చేసిందట. కంప్లైంట్ కింద ఎవని పేరున్నదో ఎర్కేనా?"

"ఎవరిది?"

"నీదే."

ప్రమోద్ తల అడ్డంగా ఊపాడు. తను రాయలేదు. తన లాగిన్ నుంచి పంపి ఉంటారు. ఆ పాస్‌వర్డ్ కృష్ణమోహన్ దగ్గరా ఉంది.

"నిన్ను కొడదామనే వచ్చిన" అంటున్నాడు విజయేందర్. "గీడ పిల్లలున్నరు. బయటికి నడువు."

ప్రమోద్ జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు.

"కొడుదువుగానీ... మీ అక్క స్క్రీన్‌షాట్లన్నీ ఇందులో ఉన్నాయి. ముందు స్టేషన్‌కి పోనివ్వు బండి."

ఇద్దరూ బైక్ మీద పంజాగుట్ట వైపు బయల్దేరారు. ఫ్లైఓవర్ కింద సిగ్నల్ దగ్గర విజయేందర్ ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు. ప్రమోద్ తల దించుకున్నాడు.

స్టేషన్‌లో ఎస్సై రాజనర్సయ్య ఎదురుగా అప్పటికే ఒకాయన కూర్చుని ఉన్నాడు. చేతిలో టీ గ్లాసు.

కృష్ణమోహన్.

"రండి ప్రమోద్ గారూ. మీ గురించే చెబుతున్నాను."

గోడ పక్క బెంచీ మీద సుకన్య. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"సార్, ఇదంతా సాఫ్ట్‌వేర్ పొరపాటండీ" ఎస్సైకి చెబుతున్నాడు కృష్ణమోహన్. "సైట్ తప్పు కేటగిరీలో పడింది. కుర్రాడు తెలియక చేశాడు. కంప్లైంట్ కూడా తొందరలో పెట్టాడు. మేం వెనక్కి తీసుకుంటాం. అమ్మాయికి ఉద్యోగం మళ్లీ ఇస్తాం. ఏమంటారు ప్రమోద్ గారూ? తెలియక జరిగిందే కదా?"

అతని చూపు ప్రమోద్ పిడికిలి మీద ఉంది.

తల ఊపితే చాలు. సుకన్య ఇంటికి పోతుంది. తన ఉద్యోగం ఉంటుంది. పెన్‌డ్రైవ్ కృష్ణమోహన్ జేబులోకి పోతుంది. ఇంజెక్షన్లు ఆసుపత్రుల్లోనే ఉంటాయి.

"అక్కా, ఒప్పుకో. ఇంటికి పోదాం" అన్నాడు విజయేందర్.

సుకన్య తమ్ముడి వైపు తిరగలేదు. ప్రమోద్‌ను చూస్తోంది.

"ఒకటే అడుగుత" అంది. "నేనేం చూస్తున్ననో నీకు నిజంగ తెల్వదా?"

ఈసారి చూసుకోవడానికి కీబోర్డ్ లేదు.

"తెలుసు."

ప్రమోద్ తలెత్తి ఆమెను చూశాడు.

"నొక్కే ముందే నీ స్క్రీన్‌షాట్లు తెరిచాను. పదకొండూ చదివాను. బ్యాచ్ నంబర్ కూడా చూశాను. చదివే... సేవ్ కొట్టాను."

విజయేందర్ ముందుకు దూకాడు. కానిస్టేబుల్ నడుం పట్టి ఆపాడు.

కృష్ణమోహన్ లేచి నిలబడ్డాడు. "సార్, ఇతనికి మతి..."

"కూసోండి" అన్నాడు రాజనర్సయ్య. గొంతు పెంచలేదు. "ఫోన్ టేబుల్ మీద పెట్టుండ్రి."

ప్రమోద్ పెన్‌డ్రైవ్ ఎస్సై ముందు పెట్టాడు. "నిన్న ఇంకొకటి వచ్చింది సార్. పన్నెండోది. పేషెంట్ చనిపోయాడు."

సుకన్య చెయ్యి నోటికి అడ్డం పోయింది.

"ఎన్నేండ్లు?"

"ఇరవై ఆరు."

ఆమె కళ్లు తుడుచుకుంది. లేచి ఎస్సై టేబుల్ పక్కకు కుర్చీ లాక్కుంది. ప్రమోద్ వైపు మళ్లీ చూడలేదు.

"ఆ బ్యాచ్ ఏయే దవాఖానల్ల ఉన్నదో నాకు నోటికొచ్చు సార్. జర రాస్కోండ్రి. మొదలు ఫోన్లు చెయ్యాలె."

రాజనర్సయ్య కలం తీశాడు. తల ఎత్తకుండానే కానిస్టేబుల్‌కు చెప్పాడు.

"గా ప్రమోద్‌ను సుత కూసోబెట్టు. ఫోన్, బెల్టు తీస్కో."

కానిస్టేబుల్ వచ్చేలోగా ప్రమోద్ తనే బెల్టు విప్పుతున్నాడు.