కొట్టని దెబ్బలు

మొదలుపెట్టిన రోజు నా దగ్గరున్నది అరవై రెండు వేలు. యాభై ఎనిమిది పెట్టి సెకండ్‌హ్యాండ్‌లో ముక్కాలి స్టాండు, ఇనుప రాడ్లు, అరవై మూడున్నర కిలోల సుత్తి కొన్నాను. మిగతా నాలుగుతో విజిటింగ్ కార్డులు కొట్టించాను.

మట్టి పరీక్ష. రాడ్డు మీద చాక్‌పీసుతో పదిహేను సెంటీమీటర్లకొకటి చొప్పున మూడు గీతలు గీయాలి. సుత్తిని ముప్పావు మీటరు ఎత్తు నుంచి వదలాలి. ఒక్కో గీత నేలలోకి దిగడానికి ఎన్ని దెబ్బలు పడ్డాయో రాసుకోవాలి. ఎక్కువ పడితే గట్టి నేల. తక్కువైతే గుల్ల.

సుత్తి పనికి ఒక ముసలి మేస్త్రీని పెట్టుకున్నాను. గీత దిగిన ప్రతిసారీ ఆగి, చుట్ట ఒక దమ్ము లాగి, మళ్లీ మొదలుపెట్టేవాడు. నాకు క్యాలిక్యులేటర్ అని పేరు పెట్టాడు.

మొదటి పని మా అక్కావాళ్లదే. కొండవాలు మీద ఇల్లు. మూడు చోట్ల కొట్టాలి. రెండయ్యాయి. మూడోది వాలు వైపు మూల. ఇంతలో వాన పట్టుకుంది. నాకేమో ఇంకో పని ఉంది. మొదటి రెండింటి సగటు చూసుకుని మూడోదానికి నేనే రాసేశాను. తొమ్మిది, పన్నెండు, పదిహేడు.

"ఏరా క్యాలిక్యులేటరూ, నేలను కూడా నువ్వే గుణిస్తావా?" అన్నాడు మేస్త్రీ.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"రాసిన దెబ్బలు ఎవరో ఒకరు కొట్టాలి కదరా."

ఇల్లు లేచేలోపే ఆయన పోయాడు. ఆ మూల మీద నా మేనకోడలు చిట్టికి గది కట్టారు.

ఇవాళ్టికి ముసురు పట్టి నాలుగు రోజులు. సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, చిట్టి గదిలో కింద నుంచి ఏదో చప్పుడు. మీ బావ పందికొక్కు అంటున్నాడు. నువ్వొకసారి వచ్చి చూడు."

వెళ్లేసరికి కరెంటు లేదు. బావ కొవ్వొత్తి పట్టుకుని తలుపు తీశాడు. "రావయ్యా ఇంజనీరూ! నువ్విచ్చిన రిపోర్టు చూపించినా పందికొక్కు భయపడటం లేదు."

నవ్వబోయాను. అప్పుడు వినబడింది.

దభ్.

లోపల, బాగా లోతులో. కాళ్ల ఎముకల్లోకి ఎక్కింది. సుత్తి పైకి లేచేంత ఖాళీ... మళ్లీ దభ్. తెలియకుండానే లెక్కపెడుతున్నాను. ఏడు... ఎనిమిది... తొమ్మిది.

ఆగింది.

తడి మట్టి వాసన. దాని వెనకే చుట్ట వాసన. ఆ ఇంట్లో ఎవరూ పొగ తాగరు. ఒక దమ్ము లాగేంత సేపు... మళ్లీ ఒకటి నుంచి మొదలైంది.

"చిట్టి ఏదక్కా?"

"పడుకుంది. ఏమైందిరా? నీ ముఖమేంటి అలా..."

పది. పదకొండు. పన్నెండు.

ఆగింది.

"బావా, అందరూ బయటికి పదండి! ఆ మూల నేను కొట్టలేదు. లెక్క రాసేశాను, అంతే!"

అక్క నా చొక్కా పట్టుకుంది.

గది తలుపు తోశాను. మంచం ఖాళీ. ఫోన్ లైటు వేశాను. దూరపు మూలలో చిట్టి నిలబడి ఉంది. నిటారుగా, రాడ్డులాగా. టైల్స్ ఒక్కటీ పగల్లేదు. కానీ పిల్ల... మోకాళ్ల దాకా నేలలో ఉంది.

"రా చిట్టీ... మామయ్య దగ్గరికి రా."

"కదలొద్దన్నాడు మామయ్యా," గుసగుసగా అంది.

"ఎవరమ్మా?"

"గీతలు గీసిన తాత. మూడు గీశాడు. రెండు లోపలికి వెళ్లిపోయాయి."

గౌను అంచు మీద తెల్లగా ఒక్క గీత.

చుట్ట వాసన పలచబడుతోంది. నేను రాసింది నిజమైతే ఇంకా పదిహేడు దెబ్బల టైముంది. రెండు గీతలకు లెక్క సరిపోయినా, అది నిజం కాదని నాకు తెలుసు. ఐదో, మూడో... ఒకటో.

తలుపు నుంచి పిల్ల దాకా నాలుగు అడుగులు.

దభ్.

వెనక అక్క ఏడుపు. గడప దాటడానికి కుడికాలు ఎత్తాను. ఫోన్ లైటు దాని మీద పడింది. నా ప్యాంటు మీద, మడమ నుంచి పైకి... పదిహేను సెంటీమీటర్లకొకటి చొప్పున, మూడు తెల్లటి గీతలు.

పొడి ఇంకా రాలుతోంది.

ఎత్తిన కాలు దించాలి. లోపలికే.