తమ్ముడి పేరున్న పాట

ఆ ఉదయం సోములమ్మ వాకిట్లో కాఫీ పళ్లు ఆరబోస్తుంటే, కూతురు రమణి గుమ్మంలో కూర్చుని ఫోన్ చూసుకుంటోంది. విశాఖపట్నంలో రాక్ బ్యాండ్‌లో పాడిన పిల్ల. కిందటేడు తమ్ముడు మంగ్లు ఘాట్ రోడ్డులో జీపు బోల్తాపడి చనిపోయాక, స్టేజీ ఎక్కితే ఆమె గొంతు పెగిలేది కాదు. బ్యాండ్ వాళ్లు కొన్నాళ్లు ఓపిక పట్టి, ఇంకో అమ్మాయిని చూసుకుంటామన్నారు. ఆ మాట వినగానే రమణి తనే బయటికొచ్చేసింది.

వానాకాలమంతా ఒంటరిగా కూర్చుని సొంతంగా తొలి ఆల్బమ్ చేసింది. ఈ మధ్యే నెట్‌లో పెట్టింది. విన్నవాళ్లు పట్టుమని వందమంది లేరు. కలిసి వాయించిన స్నేహితులు ఒక్క మాట రాయలేదు. ఇక తన పాట ఎవరికీ అక్కర్లేదనిపించి, బట్టలు సర్దుకుని అరకులోయ దగ్గరి ఈ ఊరికి తిరిగొచ్చింది.

అంతలో పక్కింటి అప్పలనర్సమ్మ ఫోన్ పట్టుకుని వచ్చింది. మీ గుంట రమణి పాటేనంటూ సంబరంగా పెట్టింది. గిటార్ మోత మధ్య రమణి గొంతు, దాని వెనక ఎవరో ఆడమనిషి ఏడుపు. సోములమ్మ చేతులు ఆగిపోయాయి. అది తన ఏడుపే. కొడుకును ఇదే వాకిట్లో పడుకోబెట్టిన రోజుది. సంగతి అర్థమై అప్పలనర్సమ్మ పాట ఆపేసి వెళ్లిపోయింది.

"నానేడుస్తుంటే ఫోన్ పట్టుకున్నావా?" అంది సోములమ్మ.

ఆ రోజు ఎందుకు రికార్డు చేసిందో తనకే తెలియదని, ఆ ఏడుపు లేకుండా పాట నిలబడలేదని రమణి చెప్పబోయింది.

"నా కొడుకు పోయినాడని ఏడ్సినాను. నీ పాటకి సాయం ఏడవలేదు."

సోములమ్మ కాఫీ పళ్లు అక్కడే వదిలేసి తోటలోకి వెళ్లిపోయింది. లోపల్నుంచి అంతా విన్న తండ్రి గాసి కూతుర్ని తిట్టలేదు. ఆ రోజు తర్వాత మీ అమ్మ మళ్లీ ఏడవలేదని మాత్రం చెప్పాడు. రమణి తల పట్టుకుని కూర్చుండిపోయింది. చాలాసేపటికి ఫోన్ తీసి, ఆల్బమ్ మొత్తం నెట్‌లోంచి తొలగించింది.

తోటలో తల్లి కాఫీ మొక్కల మధ్య కూర్చుని ఉంది. రమణి పక్కన కూలబడి, పాటలన్నీ తీసేశానని, ఇక పాడనని చెప్పింది. సోములమ్మ కూతురి వైపు తిరిగింది.

"ఆ పాటలో మంగ్లూ, మంగ్లూ అని పిలిసింది నువ్వేనా?"

"నేనే అమ్మా."

"ఆడు పోయినకాడ్నించి ఇంట్లో ఆ పేరు ఎవులూ అనడం లేదు. నానంటే మీ నాన్న లేసి బయటికెల్లిపోతాడు. ఇందాక నువ్వు పిలుత్తుంటే, ఆడు పలుకుతాడేమోనని దారేపు సూసినాను."

రమణి తల్లి ఒడిలో తల దాచుకుంది. తమ్ముడు పోయిన నాటి నుంచి ముగ్గురూ ఎవరికి వాళ్లు లోలోపలే కుమిలిపోతున్నారని అప్పుడు తెలిసింది.

"నా ఏడుపు తీసియ్. ఆడి పేరు ఉంచు" అంది సోములమ్మ. "ఇప్పుడోసారి పిలు."

రమణి పాడింది. తమ్ముడి పేరు సగంలోనే ఆగిపోయింది. మిగతాది తల్లి పిలిచింది. తోటలో ఎవరూ పలకలేదు. సోములమ్మ కూతుర్ని మరింత దగ్గరికి లాక్కుని, ఏడాది తర్వాత మొదటిసారి బిగ్గరగా ఏడ్చింది.