పదిహేను రోజుల ముందు చెక్కిన గుమ్మడికాయ

"అది తీపి రొట్టెకి పనికిరాదండీ. అంతా పీచే. చిన్నవి ఆ పక్కనున్నాయి, తీసుకోండి," అన్నాను.

"రొట్టె చేస్తానని నేను చెప్పానా?" అంది టబితా, పెద్ద గుమ్మడికాయను రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని. "అయినా ఈ 'అండీ' ఏమిటి ఓరిన్? బళ్ళో నా జడ లాగినవాడివి."

నా చెవులు వేడెక్కాయి. నలభై ఏళ్ళు దాటినా ఆ వేడి గుర్తుంది. అమెరికాలో వెర్మాంట్ కొండల మధ్య మా ఊరు. రోడ్డు పక్క మా పొలం, పొలం ముందు నా గుమ్మడికాయల బండి. మేపుల్ ఆకులు రాలి కాయల మీద పడేవి. రోజుకు పదిసార్లు వాటిని ఊడ్చేవాణ్ణి, ఆమె చర్చి నుంచో బడి నుంచో అటు వస్తుందేమోనని.

"మరి దేనికి?"

"చెక్కడానికి. హాలోవీన్‌కి మా వసారాలో పెడతాను."

నేను నమ్మలేదు. వాళ్ళ నాన్న పర్డీగారు మా చర్చిలో సంఘ పెద్ద. దయ్యాల పండగ క్రైస్తవుల పండగ కాదనేవారు. ఆ ఒక్క సాయంత్రం వాళ్ళిల్లు చీకటిగా ఉండేది. ఆ సాయంత్రం దయ్యాల వేషాలేసుకుని మిఠాయిలకూ పళ్ళకూ ఇంటింటికీ తిరిగే మా ఊరి పిల్లలు, గుమ్మంలో గుమ్మడి దీపం లేని ఇంటికి వెళ్ళరు, పరుగున దాటిపోతారు.

"ఒకటో తరగతి పిల్ల ఒకత్తి నన్నడిగింది," అంది టబితా. "'టీచర్, మీ ఇంటికి మేమంటే ఇష్టం లేదా?' అని. వారం రోజులు నాన్నని బతిమాలాను. ఈ ఒక్క ఏడాదికి సరేనన్నారు. ఇది ఎప్పుడు చెక్కాలి?"

చెక్కిన కాయ మూడు నాలుగు రోజులకు మించి నిలవదు. పండగకు ఒకటి రెండు రోజుల ముందు చెక్కాలి. పుట్టిన దగ్గర్నుంచి గుమ్మడికాయల మధ్య పెరిగినవాణ్ణి, ఇది నాకు తెలియనిది కాదు. పండగ ఇంకా పదిహేను రోజులుంది.

"ఇవాళే," అన్నాను. "సాయంత్రం నేనొచ్చి నేర్పిస్తాను."

వాళ్ళ వంటింటి బల్ల మీద పాత పత్రికలు పరిచాం. పక్క గదిలో పర్డీగారు బైబిలు చదువుకుంటున్నారు. టబితా నా మాట వినకుండా తొడిమ చుట్టూ కత్తి నిట్టనిలువుగా దింపింది. మూత గభాలున లోపల పడింది.

"పడిందా?" పక్క గదిలోంచి ప్రశ్న.

"పడింది నాన్నా."

"ఊఁ."

"ఏటవాలుగా కొయ్యమన్నాను," అన్నాను మెల్లగా.

"ముందే చెప్పాల్సింది."

"రెండుసార్లు చెప్పాను."

"గట్టిగా చెప్పాల్సింది!"

నవ్వు ఆపుకోలేక ఇద్దరం మోచేతుల దాకా చేతులు పెట్టి పీచూ గింజలూ తోడాం. ఆ పచ్చి చల్లటి వాసన ఇప్పటికీ ఎక్కడ తగిలినా నాకు ఇరవై రెండేళ్ళే. ఆమె ఒక కన్ను పెద్దదీ, ఒక కన్ను చిన్నదీ చెక్కింది.

"అచ్చం పాస్టరుగారిలా ఉంది," అన్నాను.

"నువ్వన్నావని ఆదివారం ఆయనతో చెప్తాను." మూత నిలవడానికి నాలుగు పుల్లలు గుచ్చుతూ అంది.

చలి ముదిరితే కాయ నిలుస్తుందని ఆశపడ్డాను. కానీ ఆ అక్టోబరులో వానలు పడ్డాయి, వెనకే వేసవిలాంటి ఎండ కాసింది.

హాలోవీన్ రోజు బడి వదలగానే టబితా నా బండి దగ్గరికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"కాయ బూజు పట్టింది. పొద్దున పట్టుకుంటే చేతిలోనే కుప్పకూలింది. నాన్న, దేవుడే జవాబిచ్చాడన్నారు. ఇంకెప్పుడూ అడగనని మాటిచ్చేశాను."

"ఇంకోటి ఇస్తాను, పట్టుకెళ్ళు."

"దేవుడు వద్దన్నదాన్ని ఎలా పెడతాను ఓరిన్?"

"దేవుడు కాదు. అన్ని రోజుల ముందు చెక్కితే ఏ కాయైనా కుళ్ళుతుంది. నాకు తెలుసు."

"తెలిసే ఇవాళే చెక్కమన్నావా?"

తలూపాను. గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

నా అబద్ధం పర్డీగారి ఇంట్లో దేవుడి మాటగా కూర్చుంది. నేను నోరు మూసుకుంటే ఆ ఇంట్లో ఇక ఎప్పటికీ దీపం వెలగదు. నోరు విప్పితే ఆ గుమ్మం నాకు మూసుకుపోతుంది. మనం దేవుడి జవాబనుకునే వాటిలో ఇలాంటివి ఎన్నో అనిపించింది. ఒక మంచి కాయ ఎత్తుకుని బయల్దేరాను.

తలుపు పర్డీగారే తీశారు. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అయితే అది దేవుడి జవాబు కాదంటావు."

"కాదండీ. నా తొందర."

"పొద్దున ప్రార్థనలో దానికి స్తోత్రం కూడా చెప్పుకున్నానే. ఇప్పుడది వెనక్కి తీసుకోవాలా?"

"నాకు తెలియదండీ."

"నాకూ తెలియదు." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "నా కూతురికి అబద్ధం చెప్పావు. అది తప్పు. నా ఎదుటికొచ్చి ఒప్పుకున్నావు. ఆ పని నా వయసువాళ్ళే చెయ్యరు." లోపలికి తిరిగి కేకేశారు. "టబితా! పెద్ద కత్తి తీసుకురా!"

"కత్తెందుకు నాన్నా?" మెట్ల మీంచి కంగారుగా గొంతు వినిపించింది. అక్కడే నిలబడి అంతా విన్నదన్నమాట.

"కాయ కొయ్యడానికి. ఇతన్ని కొయ్యాలో వద్దో నువ్వే చూసుకో."

పొద్దుగుంకడానికి గంట మాత్రమే ఉంది. ఎదురెదురుగా కూర్చున్నాం. ఆమె తలెత్తలేదు.

"మూత ఏటవాలుగా," అన్నాను.

"తెలుసు." కత్తి రెండంగుళాలు కదిలాక అడిగింది, "ఎందుకలా చెప్పావు?"

"పదిహేను రోజులు ఆగలేక."

"రెండేళ్ళు ఆగినవాడివి, పదిహేను రోజులు ఆగలేకపోయావా?"

"రెండేళ్ళని నీకెలా తెలుసు?"

"పాటల బృందంలో నిలబడితే చర్చంతా కనిపిస్తుంది. అందరూ పాటల పుస్తకం చూస్తారు. వెనక వరసలో ఒక్కడు మాత్రం చూడడు." అప్పుడు తలెత్తింది. "ఇంకెప్పుడూ నాకు అబద్ధం చెప్పకు. రావాలనిపిస్తే రావాలనుందని చెప్పు."

"రేపు రావాలనుంది," అన్నాను.

"రా," అంది.

చీకటి పడుతుండగా కొవ్వొత్తి వెలిగించి వసారా మెట్టు మీద పెట్టాం. వీధిలో పరుగెడుతున్న పిల్లలు గేటు దగ్గర ఆగిపోయారు. దుప్పటి కప్పుకున్న ఒక బుల్లి దయ్యం, "టీచర్ వాళ్ళింట్లో దీపం!" అని అరిచింది. టబితా ఆపిల్ బుట్ట తీసుకుని పరుగున గేటు దగ్గరికి వెళ్ళింది.

పర్డీగారు నా పక్కకు వచ్చి నిలబడ్డారు.

"ఆదివారం వెనక వరసలో కూర్చోకు. చర్చిలో మా ఇంటివాళ్ళ బల్ల మీద చోటుంది."

మా ఊళ్ళో పెళ్ళికాని కుర్రాడు చర్చిలో ఒక ఇంటివాళ్ళ బల్ల మీద కూర్చుంటే అర్థం ఒకటే, ఆ ఇంటి పిల్లని చేసుకోబోతున్నాడని. మధ్యాహ్నానికల్లా ఊరంతా పాకిపోతుంది.

"టబితా పాటల బృందంలో ఉంటుంది కదండీ. అంటే... బల్ల మీద మనిద్దరమేనా?"

"ముందు మనిద్దరం," అన్నారాయన, గేటు వైపు చూస్తూ. "తర్వాతి సంగతి అది చూసుకుంటుంది."

టబితా వెనక్కి తిరగలేదు. కానీ మా మాటలు చెవిన పడ్డాయేమో, ఆ బుల్లి దయ్యానికి నాలుగో ఆపిల్ కూడా ఇచ్చేసి, ఐదోది తీస్తోంది.