జాబితాకెక్కని పసుపు

ఆ శనివారం పొద్దున పూజిత చేయాల్సిన పనులు ఇవి. కళ్లంలో బాపు కుడుతున్న బస్తాలకు పురికొస అందించాలి. పదింటికి ట్రాక్టర్ వచ్చేలోగా రొట్టెలు చేసి మూట కట్టాలి. నాయనమ్మకు బీపీ గోళీలు తేవాలి. కాలేజీలో సోమవారం చెప్పాల్సిన పాఠం చదువుకోవాలి. వీటన్నిటికంటే ముందు అమ్మ ముఖం చూసి నోటుబుక్కులో రాయాలి.

ఈ చివరి పని మూడు వారాలుగా నడుస్తోంది.

"ఇగో, జూడు. మొన్న తగ్గినట్టే ఉండె. ఇయ్యాల మళ్ల మంట," అంటూ అమ్మ యమున దర్వాజ దగ్గర వెలుతురుకు ముఖం పెట్టింది.

బుగ్గల మీద నల్లటి మచ్చలు, వాటి చుట్టూ ఎర్రటి పొక్కులు. కనురెప్పలు ఉబ్బి ఎడమ కన్ను సగమే తెరుచుకుంటోంది. చర్మం డాక్టరు పూత మందు రాసిచ్చి, "ఇది పైపైన తగ్గిస్తుంది. అసలు కారణం దొరక్కపోతే కంటికే ముప్పు రావచ్చు. ముఖానికి తగిలేవన్నీ రాసుకుని, ఒక్కొక్కటే ఆపి చూడండి," అన్నాడు.

ఆ మాట పూజితకు బాగా పట్టింది. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమె. ఆర్మూర్‌లో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. అమ్మ వాడేవన్నీ అరుగు మీద వరుసగా పెట్టించింది. సబ్బు, షాంపూ, పౌడరు, కొబ్బరినూనె, తలకు వేసుకునే నల్లరంగు, బొట్టు బిళ్లలు, దుబాయ్ నుంచి అన్న సాయిప్రసాద్ పంపిన, ముఖం తెల్లబరిచే క్రీము. మొత్తం ఏడు.

"మీ అమ్మది మొహమా, కిరాణం దుకాణమా?" అని నాయనమ్మ వెంకవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

చీమ తలకాయంత అక్షరాలను ఫోన్‌లో పెద్దవి చేసుకుని పూజిత చదివింది. షాంపూలో నురగ రావడానికొకటి, చిక్కబడడానికొకటి, పాడవకుండా ఉండడానికొకటి. సువాసన అన్న ఒక్క మాట వెనుక ఏమేం దాగున్నాయో ఎక్కడా లేదు. తలరంగులో ఉండే ఒక మందు కొందరికి పడక కనురెప్పలు వాస్తాయని చదివినప్పుడు దొంగ దొరికిందే అనుకుంది. వారం ఆపించింది. తగ్గలేదు.

తరువాత క్రీము. డబ్బా మీద నవ్వుతున్న ఆడపిల్ల బొమ్మ తప్ప ఇంకేమీ లేదు. ఇలాంటి కొన్నింటిలో పాదరసం కలుపుతారని పూజిత చెప్పగానే తండ్రి గంగాకిషన్ డబ్బాను అవతల పెట్టించాడు. "శబాష్ బిడ్డా! పేరు లేని మందు ఎవడన్న మొహానికి రుద్దుకుంటడా?" అన్నాడు. కొడుకు ప్రేమగా పంపింది పోయిందని యమున రెండు రోజులు ముభావంగా తిరిగింది. అయినా మంట పోలేదు.

సబ్బు మారింది. పౌడరు ఆగింది. చివరికి ఏడూ ఆగాయి. దొంగ మాత్రం ఇంట్లోనే ఉన్నాడు.

ఆ పొద్దున నోటుబుక్కు వెనక్కి తిప్పుతుంటే పూజిత వేలు ఒకచోట ఆగింది. శనివారం, మంట. అంతకు ముందు శనివారం, మంట. దానికి ముందూ అంతే. బుధ, గురువారాల్లో కొంచెం నయం.

"అమ్మా, శుక్రవారం నాడు ఏం జేస్తవే?"

"ఏం జేస్త? తలకు పోసుకుంట, దీపం పెడ్త."

"మొహానికి?"

"ఏం లేదు. అన్ని బందు వెట్టిస్తివి గద. జర పసుపు, గంతే."

"పసుపా! మరి నాకెందుకు రాయించలే?"

యమున కూతుర్ని వింతగా చూసింది. "పసుపు గూడ రాయిస్తరా? రోజూ అన్నం తింటున్న అని రాయించిన్నా?"

పూజితకు నవ్వూ, సిగ్గూ ఒకేసారి వచ్చాయి. పసుపు పండించే ఇంట్లో పుట్టిన తనకూ అది తట్టలేదు. పసుపును పూసుకునే వస్తువుగా తనూ ఎన్నడూ లెక్కపెట్టలేదు.

స్నానాల గదిలోని పసుపు డబ్బా తెచ్చింది. వంటింట్లో కూరలకు వాడే పాత పసుపు తెచ్చింది. పక్కపక్కన పెడితే ఒకటి మట్టిరంగు కలిసినట్టు మసకగా ఉంది. డబ్బాలోది కళ్లు జిగేల్‌మనేలా ఉంది. రెండు గ్లాసుల నీళ్లలో చెరో చెంచా వేసి, కదపకుండా పెట్టి రొట్టెలు చేసుకుంది. వచ్చి చూసేసరికి పాత పసుపు అడుక్కు దిగి, పైన నీళ్లు లేత పసుపుగా ఉన్నాయి. రెండో గ్లాసు మాత్రం పెయింటు డబ్బాలా తయారైంది.

మూడో గ్లాసు నిండా నీళ్లు పట్టుకుని కళ్లంలోకి నడిచింది. వెనుకే యమున, వెంకవ్వ వచ్చారు. కుట్టని బస్తాలోంచి రెండు పసుపు కొమ్ములు తీసి పూజిత గ్లాసులో వేసింది. కొమ్ముల ఒంటి మీదినుంచి పచ్చటి దారాలు విడివడి నీళ్లలో పాకాయి.

"బాపూ, కొమ్ములు నున్నగ జేసే పాలిష్ డ్రమ్ముల ఏమేసిండ్రు?"

గంగాకిషన్ చేతిలో సూది ఆగింది. "అందరేసేదే. మెరుపు పొడి."

"దాని పేరేంది?"

"పేరా? పాకిట్ మీద ఏం రాసి లేదు."

"అన్న పంపిన క్రీము మీద గూడ ఏం రాసి లేకుండె," అంది పూజిత నెమ్మదిగా.

ఆయన ముఖం ఎర్రబడింది. "చదువు చెప్పిస్తే నాకే పాఠం చెప్తున్నవా? మెరుపు లేని మాల్ ఎవడు కొంటడు? అయినా గది మార్కెట్ మాల్. ఇంటికి రంగెయ్యని నాలుగు బస్తాలు వేరే పెట్టిన. గీ బస్తాలను ఎవ్వలు ముట్టొద్దని మొదటి పాలిష్ అయిన్నాడే చెప్పిన!"

"ఎందుకు ముట్టొద్దన్నవ్ బాపూ?"

గంగాకిషన్ సూదిని బస్తాలో గుచ్చి, తల పక్కకు తిప్పుకున్నాడు.

"నేను ముట్టిన కిషన్," అంది వెంకవ్వ. "పొద్దంత నీ పెండ్లాం ఎండల కొమ్ములు ఆరవోసె. మంచియి మార్కెట్‌కు, చెత్తయి ఇంటికి, గిదేం న్యాయమనుకున్న. బంగారమోలె ఉన్నయి ఏరి, నా చేతులతోనే దంచి, డబ్బ నింపిన. నా కోడలు మొహం నేనే గిట్ల జేసిన్నా?"

యమున అత్త చేతులు పట్టుకుంది. "నువ్వు మంచిదనుకునే పెట్టినవ్ అత్తా. ఊకో." తరువాత భర్తవైపు తిరిగింది. ఆ సగం తెరుచుకున్న కంటిని ఆయన తప్పించుకోలేకపోయాడు.

"నాకైతే బిడ్డ ఉన్నది, గ్లాసులు పెట్టి దొరకవట్టింది. మొదటి దఫా అమ్మిన బస్తాలు ఎవలింటికి పోయినయో? మార్కెట్‌ల కొనేటోళ్లకు మొహాలుండయా?"

గంగాకిషన్ బస్తా మీద కూలబడ్డాడు. గ్లాసు వైపు చూశాడు. అప్పటికి నీళ్ల వెనుక కొమ్ములు కనబడడం లేదు.

బయట ట్రాక్టర్ హారన్ మోగింది. డ్రైవర్ రాజమల్లు లోపలికి వచ్చి కుట్టిన బస్తా మీద చెయ్యి వేశాడు. గంగాకిషన్ లేచి, ఆ చెయ్యి తీసేశాడు.

"అవి వద్దు. గా మూలకున్న నాలుగే ఎక్కించు."

"గవి మసకగున్నయి గదనే! గీ మెరుపు మాల్ ఇడిసిపెడ్తవా?"

"అవును తమ్మీ. అవి ఇంక యాడికీ పోవు."

ట్రాక్టర్ ఎక్కేముందు ఆయన యమున దగ్గర ఆగాడు. "కండ్లు చల్లటి నీళ్లతోని కడుక్కో. మాపటికి దవాఖానకు నేనే తీస్కపోత," అన్నాడు. ఆయన కళ్లు కడిగినట్టే తడిసి ఉన్నాయి.

మార్కెట్‌లో కొనేవాడు కొమ్మును అటూ ఇటూ తిప్పి, "ఏందే గంగాకిషన్, ఈసారి మాల్‌ల కళ లేదు?" అన్నాడట.

"రంగెయ్యలే సేటూ. నా పెండ్లాం మొహానికి పూసుకునే పసుపే తెచ్చిన," అన్నాడట ఈయన. రేటు తక్కువే పలికింది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

డాక్టరు గ్లాసుల కథ విని తల ఊపాడు. నెల తిరిగేసరికి యమున కన్ను పూర్తిగా తెరుచుకుంది. మచ్చలు పలచబడ్డాయి. ఆమె పసుపు మానలేదు. ఆ నాలుగు బస్తాల్లోంచి ఇంటికని తీసి ఉంచిన మసక కొమ్ములను వెంకవ్వే దంచి ఇస్తుంది, ముందు గ్లాసులో వేసి చూశాకే. నోటుబుక్కు జాబితాలో ఎనిమిదోదిగా పూజిత పసుపు అని రాసింది.

మొదటి దఫా బస్తాలు మాత్రం తిరిగి రాలేదు. అవి ఏ ఊరు చేరాయో గంగాకిషన్ అడిగి చూశాడు. ఎవరూ చెప్పలేకపోయారు. ఎక్కడో ఒక ఆమె శుక్రవారం ఆ పసుపు పూసుకుని, శనివారం అద్దంలో చూసుకుని, సబ్బునో ఎండనో తిట్టుకుంటూ ఉంటుంది. ఆమె పేరు ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు. మీ ఇంట్లో పసుపు డబ్బా మూత తీసినప్పుడు ఆమెను ఒక్కసారి గుర్తు చేసుకోండి.